నేల కంపెనీది, బడి జనానిది

జంషెడ్‌పూర్ చరిత్ర అడిగిన చుట్టాలను నేను ముందుగా కర్మాగారం గేటు దగ్గరికి తీసుకెళ్లను. ఊళ్లోని బడుల బోర్డులు చదవమంటాను. బిష్టుపూర్‌లో మిసెస్ కె.ఎం.పి.ఎం. అనే పేరు కనబడుతుంది. ఈ ఉక్కు కర్మాగారం కట్టడానికి సలహాదారుగా వచ్చిన అమెరికన్ ఇంజనీరు చార్లెస్ పేజ్ పెరిన్ భార్య జ్ఞాపకార్థం వెలిసిన బడి అది. అదే బిష్టుపూర్‌లో నర్భేరాం హంసరాజ్ ఇంగ్లీష్ స్కూలు ఉంది. అది ఇక్కడ స్థిరపడిన గుజరాతీ వ్యాపారి పేరు. సాక్చిలో రాజస్థాన్ విద్యామందిర్, బెంగాలీల టాగోర్ అకాడమీ. గోల్ముడిలో కేరళ సమాజం మోడల్ స్కూలు. మా కద్మాకు వస్తే డి.బి.ఎం.ఎస్. స్కూలు, అంటే దక్షిణ భారత మహిళా సమాజం వారిది. అక్కడే తెలుగువాళ్ల ఏడీఎల్ సొసైటీ నడిపే సన్‌షైన్ స్కూలు.

ఈ బోర్డులు చదివినవాళ్లకు ఊరు సగం అర్థమవుతుంది. ఎక్కడెక్కడి నుంచో కూలికీ నౌకరీకీ వచ్చిన జనం ఇక్కడ ముందు గుడి కట్టుకున్నారు, తర్వాత బడి కట్టుకున్నారు. ఈ బడుల్లో చాలావాటి కింద నేల మాత్రం కంపెనీ లీజులోదే. ఊరి నడిబొడ్డున ఇల్లయినా అంగడి అయినా బడి అయినా కంపెనీ సబ్‌లీజుకిచ్చిన నేల మీదే నిలబడాలి. కాబట్టి ఇక్కడి చదువుల చరిత్ర రాయడమంటే ఒక చేత్తో పారిశ్రామికవేత్తల గురించి, ఇంకో చేత్తో ఆ నేల మీద గోడ లేపిన మామూలు మనుషుల గురించి రాయడం. బయటివాళ్లు రాసిన పుస్తకాల్లో మొదటి సగమే ఎక్కువ కనిపిస్తుంది. రెండో సగం లేకపోతే మొదటిది ఇంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ (టిస్కో, ఇప్పటి టాటా స్టీల్) రిజిస్టరైంది. లండన్‌లో అప్పు పుట్టకపోతే, స్వదేశీ ఉద్యమం ఊపులో ఉన్న ఆ రోజుల్లో బొంబాయిలో వాటాలు అమ్మకానికి పెట్టారు. మూడు వారాల్లో దాదాపు 8,000 మంది భారతీయులు ఆ మూలధనం సమకూర్చారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, కాళీమాటి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న సాక్చి అనే పల్లెను ఎంచుకున్నారు. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె బయటికొచ్చింది. 1919 జనవరి 2న వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: ‘టాటా వెళ్లాడు’ అంటారు.

ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ జంషెడ్జీ టాటా ఈ ఊరిని చూడలేదు. 1904లోనే జర్మనీలో చనిపోయాడు. చదువు విషయంలో ఆయన ఆలోచన మాత్రం ఊరికంటే పాతది. 1892లోనే జె.ఎన్. టాటా ఎండోమెంట్ అనే నిధి పెట్టి, పై చదువులకు విదేశాలకు వెళ్లే తెలివైన పిల్లలకు అప్పుగా డబ్బిచ్చే ఏర్పాటు చేశాడు. గమనించండి, దానం కాదు, అప్పు. చదువుకుని నిలదొక్కుకున్నాక తిరిగి చెల్లిస్తే, అదే డబ్బు ఇంకొకరికి పనికొస్తుంది. ఆ నిధి సాయం అందుకున్న తొలి విద్యార్థుల్లో ఫ్రేనీ కామా అనే వైద్యురాలు కూడా ఉంది. ఆడపిల్లను అక్షరాలు నేర్చుకోనివ్వడానికే సంకోచించే కాలంలో ఒక వ్యాపారి ఆమెను వైద్యం చదవడానికి సముద్రం దాటించాడు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కూడా ఆయన తలపెట్టినదే. ఆయన పోయాక 1909లో అది ఏర్పడింది.

సాక్చిలో కొలుములు మండిన తర్వాత ఐదేళ్లకు, 1917లో, కంపెనీ కార్మికుల పిల్లల చదువు బాధ్యత తీసుకుంది. ఈ ఏడాదిని దాని చుట్టుపక్కల ఏళ్లతో కలిపి చూడాలి. 1912లో ఎనిమిది గంటల పని, 1915లో ఉచిత వైద్యం, 1920లో జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్. వీటిలో చాలావాటిని దేశం చట్టంగా చేసుకున్నది స్వాతంత్ర్యం వచ్చాకే. ఈ పట్టిక మాకు కంఠతా వచ్చు. ఏటా మార్చి 3న జంషెడ్జీ పుట్టినరోజుకు ఊరంతా దీపాలు పెట్టినప్పుడు మళ్లీ మళ్లీ వింటాం. వినీ వినీ అలవాటైపోవడం వల్ల, అందులో ‘1917 – పిల్లల చదువు’ అన్న వరస మీద ఎవరి చూపూ ఆగదు. నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద అడుగు అదే. ఎనిమిది గంటల పని, సెలవు, ప్రావిడెంట్ ఫండ్ అప్పటి కార్మికుడికి. చదువు మాత్రం అతని ఇంట్లో రాబోయే మనిషికి. కార్మికుడు నాలుగు రోజులు పనిచేసి ఊరికి పోయేవాడు కాదనీ, కుటుంబంతో ఇక్కడే ఉండిపోతాడనీ యాజమాన్యం గుర్తించిన ఏడాదిగా నేను 1917ను లెక్కేస్తాను.

ఇందులో కంపెనీ అవసరం లేదా? ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. అడవి మధ్యలో కర్మాగారం పెట్టినవాడికి కుదురుగా ఉండే పనివాళ్లు కావాలి. పిల్లలకు బడి లేని చోట ఏ తల్లీ కాపురం పెట్టదు. అవసరమూ ఆదర్శమూ ఒకే దారిలో నడిచిన అరుదైన సందర్భం అది.

1921లో జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. ఇవాళ దాన్ని షావక్ నానావతి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అంటున్నారు. ఊళ్లో అందరూ ‘ఎస్.ఎన్.టి.ఐ.’ అనే పిలుస్తారు. ఈ ఊరి చదువుల్లో ఒకే ఒక్క సంస్థను ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను, పేరున్న కాన్వెంట్లను కాదు. ఎందుకో చెప్పాలంటే ఆ రోజుల్లో కర్మాగారం లోపల ఎవరుండేవారో చెప్పాలి. కొలుముల దగ్గర, రోలింగ్ మిల్లుల దగ్గర పెద్ద పనులన్నీ కాంట్రాక్టు మీద వచ్చిన అమెరికన్లు, ఇంగ్లీషువాళ్లు, జర్మన్లు చేసేవారు. వాళ్ల జీతాలు భారమే. అంతకంటే పెద్ద చిక్కు, పని రహస్యం వాళ్లతోనే ఓడెక్కి వెళ్లిపోతుంది. మనవాళ్ల చేతుల్లో బలం ఉంది, లోహశాస్త్రం లేదు. ఆ ఖాళీ పూడ్చడానికి పుట్టిన బడి ఇది. సైన్సు చదువుకున్న కుర్రాళ్లను తీసుకుని తరగతి గదిలో కొంత, వేడి కొలుముల ముందు కొంత నేర్పారు.

అది తెరిచిన సమయం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయింది, ఉక్కు ధరలు పడిపోయాయి, విదేశీ ఉక్కు చవగ్గా వచ్చిపడింది. 1924 నాటికి జీతాలకు డబ్బు లేని స్థితి వచ్చింది. అప్పుడు జంషెడ్జీ పెద్దకొడుకు దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తినంతా, భార్య మెహర్‌బాయి నగలతో సహా, బ్యాంకులో కుదువబెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చాడు. నగల్లో జూబిలీ వజ్రం కూడా ఉంది. ఈ కథ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. నేను దానికి ఒక మాట కలుపుతాను: ఇంత గడ్డుకాలంలోనూ మూడేళ్ల కిందట తెరిచిన టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌ను మూసెయ్యలేదు. డబ్బుకు కటకట వచ్చినప్పుడు ఏ సంస్థ అయినా ముందు కోసేది శిక్షణ ఖర్చునే. అది కొయ్యకుండా ఉండటమే నాయకత్వం అని నేననుకుంటాను. ఫలితం రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1938లో జహంగీర్ గాంధీ ఈ కర్మాగారానికి తొలి భారతీయ జనరల్ మేనేజర్ అయ్యాడు. ఇంకొన్నేళ్లకు కర్మాగారం షాపుల్లో పెద్దలంతా మనవాళ్లే.

ఇక్కడ మన తెలుగువాళ్లు తలచుకోవాల్సిన పేరొకటి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1927 నుంచి 1955 వరకు టిస్కో డైరెక్టరుగా ఉన్నారు. ఆయన పూర్వీకులది మన ప్రకాశం జిల్లా మోక్షగుండం. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు ఆయన చేసిన సాయం అందరూ చెబుతారు, మైసూరు ఆనకట్ట సంగతి చెబుతారు. ఈ ఊరి కంపెనీ బోర్డులో ఇంచుమించు మూడు దశాబ్దాలు కూర్చున్న సంగతి మాత్రం మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ఎస్.ఎన్.టి.ఐ. మా ఇళ్లలో ఏం చేసిందో ఇంకో తీరుగా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చిన మొదటి తరం ఎక్కువగా కూలిపనిలో, ఖలాసీ పనిలో చేరింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుణ్యమా అని ఒక్క టికెట్టుతో, ఖర్గపూర్‌లో బండి మారి ఇక్కడికి చేరేవాళ్లు. మా తాతగారి తరంలో చాలామందికి సంతకం కూడా ఇక్కడికొచ్చాకే వచ్చింది. జీతం పుచ్చుకోవడానికి వేలిముద్ర వేసిన తండ్రికి ట్రేడ్ అప్రెంటిస్ అయిన కొడుకు, ఆ కొడుక్కి ఇంజనీరో టీచరో అయిన మనవరాలు: ఈ మూడు మెట్లు ఎక్కిన కుటుంబాలు కద్మాలో, సోనారిలో, టెల్కో కాలనీలో, బారీడీలో కోకొల్లలు. మధ్య మెట్టు లేకపోతే మూడోది లేదు. మా పక్కింటి పెద్దాయన తన అప్రెంటిస్ సర్టిఫికెట్టును దేవుడి పటం పక్కనే కట్టించి పెట్టుకున్నాడు. ఆయన తర్వాత సంపాదించిన ఏ బహుమతికీ ఆ గోడ మీద చోటు దొరకలేదు.

ఇప్పుడు రెండో సగానికి వస్తాను.

మన జిల్లాల్లో ఆ కాలానికి పెద్ద చదువంటే జమీందార్ల పుణ్యం. విజయనగరం మహారాజా కళాశాల, విశాఖలో అంకితం వెంకట నరసింగరావుగారి పేరున్న ఏ.వి.ఎన్. కళాశాల అలా వచ్చినవే. ఇచ్చేవాడు రాజు, పుచ్చుకునేది ప్రజ. టాటాకు వచ్చిన తెలుగువాళ్లు మొదట కంపెనీని కూడా అలాగే చూశారు. దొరవారు ఇస్తే తీసుకుందాం అనే మనసు. అది మారడానికి రెండు మూడు దశాబ్దాలు పట్టింది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకోవడంతో ఆ మార్పు మొదలైందని నేననుకుంటాను. షిఫ్టు అయ్యాక చందాల పుస్తకం పట్టుకుని క్వార్టరు క్వార్టరుకూ తిరిగిన మనుషులకు ఒక సంగతి తెలిసొచ్చింది: నెలకు ఇంత చొప్పున పదిమంది ఇస్తే ఏదైనా నిలబడుతుంది. గుడికి కమిటీ వేయడం, లెక్క రాయడం, దరఖాస్తు పెట్టి నేల అడగడం నేర్చుకున్న చేతులే తర్వాత బడికీ అదే పని చేశాయి.

దక్షిణ భారత మహిళా సమాజం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ఇళ్ల ఆడవాళ్లు కలిసి నడిపిన సంస్థ ఇది. భర్తలు ఫ్యాక్టరీలో, ఆఫీసులో. తాము ఇంట్లో. పుట్టింటికి రెండు రాత్రుల ప్రయాణం. భాష తెలియని ఊరు. అటువంటి చోట నలుగురు కలిసి పాటలు పాడుకుని, పిండివంటలు పంచుకుని ఇళ్లకు పోతే ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు అక్కడితో ఆగలేదు. బడి పెట్టారు. ఇవాళ కద్మాలో వాళ్ల ఇంగ్లీష్ స్కూలు, కద్మా హైస్కూలు ఉన్నాయి, ఉపాధ్యాయులను తయారుచేసే బి.ఎడ్. కళాశాల కూడా ఉంది. ఊరి వ్యాపార నాయకుల జాబితా ఎవరు రాసినా ఈ గృహిణుల పేర్లు అందులో రావు. జీతాల పట్టిక తయారు చేసి, ఫీజు కట్టలేని పిల్లకు దారి చూపి, నేల కోసం కంపెనీ అధికారులతో మాట్లాడి, ఏళ్ల తరబడి ఒక సంస్థను నడపడం ఏ ఫ్యాక్టరీ మేనేజరు పనికీ తీసిపోదు. నా లెక్కలో వాళ్లూ నాయకులే.

కంపెనీ వైపు నుంచి దీనికి తోడ్పడిన ఒక ఆలోచన గురించి కూడా చెప్పాలి. 1940ల్లో ఊరి విస్తరణకు ప్లాను వేయడానికి ఓటో కోనిగ్స్‌బెర్గర్ అనే వాస్తుశిల్పిని పిలిచారు. హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని మైసూరు సంస్థానంలో పనిచేస్తున్న మనిషి. ఆయన ఊరిని చిన్న చిన్న పేటలుగా చూశాడు. ప్రతి పేటకూ దాని బడి, దాని అంగళ్లు, దాని ఆటస్థలం ఉండాలనీ, పిల్ల పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచి వెళ్లాలనీ ఆయన పద్ధతి. ఆ ప్లాను పూర్తిగా అమలు కాలేదు. కానీ పేటకో బడికి నేల వదలాలన్న ఆలోచన నిలిచింది. కద్మాలో, సోనారిలో పాత క్వార్టర్ల వరసల మధ్య బడికి చోటు ఎలా దొరికిందని ఆశ్చర్యపోయేవాళ్లకు సమాధానం కొంత అక్కడుంది.

మిగతా సమాజాలూ ఇదే దారిన నడిచాయి. జుగ్‌సలాయి మార్వాడీ వర్తకులు, బిష్టుపూర్ గుజరాతీలు, బెంగాలీ ఉద్యోగులు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు చదువు మీద పెట్టారు. టిస్కోతో పాటు పెరిగిన కంపెనీలు తమ కాలనీల్లో బడులకు చోటిచ్చాయి. టెల్కో 1945లో వచ్చింది. దాని కాలనీలో హిల్‌టాప్, లిటిల్ ఫ్లవర్, గుల్మొహర్ వంటి బడులు పుట్టాయి. 1947లో జెసూట్ గురువులు లయోలా స్కూలు తెరిచారు. 1949లో ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ ఎక్స్.ఎల్.ఆర్.ఐ. స్థాపించారు. దేశమంతా దాన్ని మేనేజర్ల కార్ఖానాగా ఎరుగుదురు. దాని అసలు పేరులో ‘లేబర్ రిలేషన్స్’ అన్న మాట ఉందని, పుట్టుకలో యజమానినీ యూనియన్‌నూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలనే తపన ఉందని మా ఊరివాళ్లం మరచిపోకూడదు. 1928లో సుభాష్ చంద్రబోస్ వచ్చి కార్మిక సంఘానికి అధ్యక్షుడైన ఊరు ఇది. ఇక్కడ యూనియన్ అడగకుండా కంపెనీ అన్నీ తనంతట తానే ఇచ్చిందని చెప్పడం చరిత్ర కాదు. పిల్లల బడి, క్వార్టరు, తండ్రి ఉద్యోగం మీద కొడుకు పేరు రిజిస్ట్రేషను, అన్నీ బేరసారాల్లో నలిగినవే.

ఇక నన్ను బాధపెట్టే భాగం. సాక్చి, బెల్డీ, కాశీడీ, సోనారి, సిద్‌గోడా, బారీడీ, ఇవాళ మేం ఆటోవాడికి చెప్పే ఈ పేర్లన్నీ ఒకప్పటి పల్లెల పేర్లు. అక్కడ సంతాలులు, హో, భూమిజ్ జనం, ఇంకా ఇతర రైతుకులాలు ఉండేవారు. ఊరు వాళ్ల నేల మీద లేచింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మాకు కంపెనీ బడి తలుపు తెరిచింది, ఎందుకంటే మా నాన్నల పేర్లు హాజరుపట్టీలో ఉన్నాయి. నేల పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది పేర్లు ఆ పట్టీలో లేవు. ఉన్నా ఠేకేదార్ల కింద రోజుకూలీలుగా ఉన్నాయి. కంపెనీ నీళ్లు, కంపెనీ కరెంటు ఆగిపోయే చోట బస్తీలు మొదలవుతాయి. చాలాకాలం చదువు కూడా అదే గీత దగ్గర ఆగింది. ఒకవైపు పేరున్న బడుల బస్సులు, రోడ్డుకు ఇటువైపు మేకలు కాసుకునే పిల్లలు. నేను పెరిగింది ఆ రోడ్డు పక్కనే.

ఆ గీత దాటే పని ఆలస్యంగానైనా మొదలైంది. 1979లో టాటా స్టీల్ గ్రామీణాభివృద్ధి సొసైటీ ఏర్పడింది. ఆదివాసీ పిల్లలకు వాళ్ల భాష వాళ్ల లిపిలో నేర్పే కేంద్రాలకు కంపెనీ ఆసరా ఇచ్చింది. మయూర్‌భంజ్‌కు చెందిన పండిత్ రఘునాథ్ ముర్ము సంతాలీకి 1925లో రూపొందించిన ఓల్ చికి, లాకో బోద్రా హో భాషకు ఇచ్చిన వారంగ్ క్షితి, ఈ రెండు లిపులూ ఈ ప్రాంతపు సొత్తు. మన భాషను పరాయి ఊళ్లో నిలుపుకోవడానికి పాటుపడిన మాకు, తన ఊళ్లోనే తన భాషకు బడి లేనివాడి బాధ ముందే అర్థం కావాల్సింది.

బడి మానేసిన పిల్లల కోసం పిప్లా వంటి చోట్ల శిబిర పాఠశాలలు నడిచాయి. అక్కడ పిల్లలు కొన్ని నెలలు ఉండి చదువుకుని, వయసుకు తగ్గ తరగతిలో చేరతారు. ఊళ్లో టీ కొట్లలో, చిత్తుకాగితాల గోనెల వెనక కనిపించే పిల్లల కోసం ‘మస్తీ కీ పాఠశాల’ వచ్చింది. ఒడిశా, జార్ఖండ్ పల్లెల్లో ప్రభుత్వ బడులను బాగుచేసే ‘వెయ్యి బడుల’ కార్యక్రమం పెట్టారు. ఈ చివరి దాంట్లో నాకు నచ్చింది ఒకటుంది. కొత్త బడి కట్టి బోర్డు పెట్టుకోవడం లేదు. ఉన్న సర్కారు బడి పక్కన నిలబడి, పిల్లలు బడి మానకుండా, చదివింది తలకెక్కేలా చూస్తున్నారు.

పెద్దల చదువు గురించి ఒక్క ఉదాహరణ చెప్పకుండా ముందుకు పోలేను. కర్మాగారంలో తట్టలు మోసి, ఊడ్చి, చిల్లర పనులు చేసే ఆడకూలీలను ఇక్కడ రేజాలంటారు. వాళ్లలో చాలామంది ఆదివాసీ స్త్రీలు. 2000ల్లో టాటా స్టీల్ ‘తేజస్విని’ అనే శిక్షణతో రేజాలకు భారీ వాహనాలు, మట్టి తవ్వే యంత్రాలు, క్రేన్లు నడపడం నేర్పింది. నలభై దాటిన స్త్రీ, అక్షరం తెలియని స్త్రీ, ఇంటి గడప దగ్గర అత్తకూ భర్తకూ జవాబు చెప్పుకుంటూ వెళ్లి డంపర్ స్టీరింగు పట్టుకుంది. చదువంటే బడి గంట, యూనిఫారం మాత్రమే అనుకునేవాళ్లు ఆ స్త్రీలతో కాసేపు మాట్లాడాలి. వాళ్ల కూతుళ్లు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారో అడగాలి.

అయితే 1990ల నుంచి ఊళ్లో చదువుకు అర్థమే మారిపోయింది. ఆ దశాబ్దం మొదట్లో టాటా స్టీల్‌లో సుమారు 78,000 మంది ఉండేవారు. 2000ల మధ్యకు ఆ సంఖ్య దాదాపు సగమైంది. ఉక్కు మాత్రం పెరిగింది. తండ్రి ఉద్యోగం మీద కొడుకు పేరు రిజిస్టరు చేయించి, పది పాసైతే అప్రెంటిస్, తర్వాత క్వార్టరు, ఇక జీవితానికి ఢోకా లేదన్న లెక్క తప్పింది. ఒకప్పుడు చదువు పిల్లల్ని కర్మాగారం లోపలికి తీసుకెళ్లేది. ఇప్పుడు ఊరి బయటికి తీసుకెళ్తోంది. మా తెలుగు ఇళ్లలో పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో పోతున్నారు. ముత్తాత వదిలొచ్చిన రాష్ట్రానికి మునిమనవడు ఉద్యోగానికి వెళ్లి, అక్కడ హిందీ యాసతో తెలుగు మాట్లాడుతున్నాడు.

వెళ్లగలిగినవాళ్ల సంగతి అలా ఉంచుదాం. వెళ్లలేని పిల్లలే ఎక్కువ. వాళ్లకు పనికొచ్చేది మళ్లీ 1921 నాటి దారే. గోల్ముడిలో ఆర్.డి. టాటా టెక్నికల్ ఎడ్యుకేషన్ సెంటరులో ఎన్.టి.టి.ఎఫ్. సంస్థ నేర్పే చదువు, చేతికి పనినిచ్చే చదువు. ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లో వందలాది చిన్న కర్మాగారాలున్నాయి. అక్కడే 1960లో రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మొదలై ఎన్.ఐ.టి.గా మారిన కళాశాల ఉంది. చిన్న కర్మాగారాల యజమానులు లేత్ మీదా వెల్డింగ్ మీదా పనివాళ్లు దొరకడం లేదని వాపోతుంటారు. బస్తీ కుర్రాళ్లు పనిలేదని టాటానగర్ స్టేషన్‌లో బండెక్కి గుజరాత్, తమిళనాడు పోతుంటారు. మధ్యలో దూరం ఒక వంతెన. పెద్ద కంపెనీ వందేళ్ల కిందట తన కోసం చేసుకున్న పనిని ఇప్పుడు సింగ్‌భూమ్ చాంబర్, ఆదిత్యపూర్ చిన్న పరిశ్రమల సంఘం కలిసి తమ కోసం చేసుకోవచ్చు. ఒక్కో యజమాని ఏటా ఇద్దరు కుర్రాళ్లకు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పితే చాలు. వందల షెడ్లకు అది చిన్న సంఖ్య కాదు.

మన తెలుగు సంఘాలకూ ఒక మాట చెప్పాలి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. అల్పసంఖ్యాక వర్గాలు నడిపే బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల సంస్థలూ ఆ మినహాయింపులోకి వస్తాయి. భాషను నిలుపుకోవడానికి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ అది, నేను దాన్ని వదులుకోమనడం లేదు. కానీ ఊళ్లో సమాజాల పేరున్న బడుల్లో ఇప్పుడు చదివే పిల్లల్లో ఆ సమాజం పిల్లలు ఎందరు? తెలుగు తరగతిలో కూర్చునే పిల్లలు ఎందరు? సబ్‌లీజు నేల మీద చందాలతో కట్టిన బడిలో, చట్టం అడగకపోయినా కొన్ని సీట్లు బస్తీ పిల్లలకు ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. కొన్ని బడులు ఆ పని చేస్తున్నాయి కూడా.

వచ్చే ఉగాదికి మా తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో నేను మూడు విషయాలు అడగబోతున్నాను. మన బడుల్లో ప్రతి ప్రవేశ తరగతిలో బస్తీ పిల్లలకు నాలుగు సీట్లు, వాళ్ల పుస్తకాలు, యూనిఫారం ఖర్చు రిటైరైన మా తరం పంచుకోవడం. సాయంత్రం ఖాళీగా ఉండే గదుల్లో వారానికి రెండు రోజులు తెలుగు, రెండు రోజులు ఓల్ చికి. మొదటి కమిటీల నాటి మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు, పాత హాజరుపట్టీలు ఎవరింట్లో ఉన్నా తెచ్చి ఒకచోట చేర్చి స్కాన్ చేయించడం. కద్మాలో పాత క్వార్టర్లు కూల్చి కొత్త ఫ్లాట్లు కడుతున్నారు. ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు ముందుగా బయటపడేసేది అటక మీది కాగితాలనే. అందుకే మూడో పని ఉగాది దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టాను. సంచి పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను.